పళ్లెంలో ఉన్నదంతా ఒంటికి పట్టదు

హైదరాబాద్,
ఆదివారం

చిన్నీ,

నువ్వడిగింది ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ సెక్టార్‌లో గర్భిణులకు ఐరన్ మాత్రలు నెలనెలా అందుతున్నాయనీ, మధ్యాహ్నం అంగన్‌వాడీ సెంటర్‌లో అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, పాలు పెడుతున్నారనీ, రిజిస్టర్లన్నీ సరిగ్గానే ఉన్నాయనీ చెప్పావు. అయినా చాలామందికి హెచ్‌బి, అదే హిమోగ్లోబిన్, 9 దగ్గరే ఆగిపోతోందని బాధపడ్డావు. సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలోనే ఈ ప్రశ్న నీ మనసుకు తట్టినందుకు నాకెంత సంతోషమో చెప్పలేను. చాలామంది ఇచ్చిన మాత్రల లెక్క చూసుకుని అక్కడితో ఆగిపోతారు.

పళ్లెంలో పడిన ఖనిజమంతా రక్తంలోకి చేరదు తల్లీ. ఏం తిన్నారన్నది సగం సంగతే. దేంతో కలిపి తిన్నారు, ఏ వేళకు తిన్నారు, ఆ సమయానికి ఒంట్లో జ్వరమేమైనా ఉందా, పేగులో పురుగులేమైనా ఉన్నాయా అన్నది మిగతా సగం. నీ ఉద్యోగంలో నువ్వు ఆరా తీయాల్సింది ఆ రెండో సగాన్నే.

ముందు ఒక మూల సంగతి. ఆహారాన్ని ప్రయోగశాలలో కొలిమిలో పెట్టి పూర్తిగా కాలిస్తే పిండి పదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు అన్నీ ఆవిరై గాలిలో కలిసిపోతాయి. అడుగున కాస్త బూడిద మిగులుతుంది. ఖనిజాలుండేది ఆ బూడిదలోనే. మన శరీరం చక్కెర నుంచి కొవ్వు చేసుకోగలదు, ఎండ తగిలితే డి విటమిన్ చేసుకోగలదు. కానీ ఒక్క ఇనుప పరమాణువును గానీ, ఒక్క కాల్షియం పరమాణువును గానీ ఏ ప్రాణీ తయారుచేసుకోలేదు. నేలలో ఉన్నదాన్ని వేరు పీల్చుకోవాలి, మొక్క నుంచి గొడ్డుకూ మనిషికీ రావాలి. కొంత తాగే నీళ్లలో వస్తుంది. కాబట్టి ఒక ఊరివాళ్ల ఒంటి సంగతి తెలియాలంటే ఆ ఊరి నేలా నీళ్లూ కూడా తెలియాలి. నల్లగొండ జిల్లాలో పనిచేసే నీలాంటివాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇనుము దగ్గరకు వద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపినా 3, 4 గ్రాములు, ఒక చిన్న మేకంత. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది, ప్రాణవాయువును మోసే పనిలో. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు. అది చనిపోయాక అందులోని ఇనుమును శరీరం పారేసుకోదు, విడదీసి కొత్త కణానికి వాడుకుంటుంది. ఇలా తిరిగి వాడకంలోకి వచ్చేది రోజుకు 20 మిల్లీగ్రాముల పైనే. తిండి నుంచి కొత్తగా లోపలికి వచ్చేది 1, 2 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో: ఎక్కువైన ఉప్పును మూత్రంలో పంపేసినట్టు ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. అందుకే అదుపంతా లోపలికి తీసుకునేటప్పుడే, పేగు దగ్గరే. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఇనుము నిల్వలు నిండుగా ఉంటే అది పెరిగి, పేగు నుంచి ఇనుము రక్తంలోకి పోకుండా ఆపుతుంది. జ్వరం వచ్చినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా కూడా పెరుగుతుంది. సూక్ష్మక్రిములు పెరగడానికీ ఇనుము కావాలి కదా, వాటికి దొరకకుండా శరీరం దాచేస్తుందన్నమాట. మాటిమాటికీ విరేచనాలూ జ్వరాలూ వచ్చే పిల్లకు ఎంత మంచి తిండి పెట్టినా రక్తం పట్టకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇంటి చుట్టూ మురుగు లేకుండా చూడటం, చేతులు కడిగించడం కూడా రక్తహీనతకు మందేనని నేను నమ్ముతాను.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్లకు 29. ఒంటికి కావాల్సింది ఒకటో రెండో మిల్లీగ్రాములైతే తినాల్సింది అంత ఎందుకంటావేమో. మన తిండిలో ఉన్న ఇనుములో నూటికి పది వంతులు కూడా లోపలికి చేరవు. బియ్యం, జొన్న, పప్పు, నువ్వులు, అన్నింటిలోనూ ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. గింజ తన భాస్వరాన్ని అందులోనే దాచుకుంటుంది. అది పేగులో ఇనుమునూ జింకునూ పట్టేసుకుని వదలదు. మాంసంలో, కార్జంలో ఉన్న ఇనుము వేరే రూపంలో ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. వారానికోసారైనా మాంసం కొనలేని ఇళ్లలో ఏం చెయ్యాలన్నదే మన పని.

నిమ్మకాయ, ఉసిరి, జామ. ఈ మూడూ నీ సెక్టార్‌లో దొరకని ఊరుండదు. సి విటమిన్ పేగులో ఇనుమును ఫైటేట్‌కు చిక్కకుండా కాపాడుతుంది, పట్టే ఇనుమును రెట్టింపో అంతకన్నా ఎక్కువో చేయగలదు. కాకపోతే అది అదే పూట, అదే తిండితో ఉండాలి. పొద్దున తిన్న జామకాయ రాత్రి తిన్న తోటకూరకు సాయం చేయదు. ఉడికిస్తే సి విటమిన్ చాలావరకు పోతుంది కాబట్టి పప్పు దించాక నిమ్మరసం పిండమని ఆయమ్మలకు చెప్పు. మొలకెత్తించినా, పులియబెట్టినా గింజలో ఉండే ఎంజైమే ఫైటేట్‌ను విరగ్గొడుతుంది. ఇడ్లీ పిండి పులియడం, అంబలి పులియడం, పెసలు మొలకెత్తించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. రుచికోసం చేసుకున్న పనులు ఒంటికి ఇంత మేలు చేస్తాయని తెలిసినప్పుడల్లా నాకు మన వంటిళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకం అన్నం తినగానే తాగే చాయ్. తేయాకులోని టానిన్లు ఆ పూట తిన్న ఇనుములో సగానికి పైగా పట్టకుండా చేస్తాయి. చాయ్ మానమంటే ఎవరూ వినరు. అన్నానికీ చాయ్‌కీ మధ్య ఒక గంట ఎడం పెట్టమను, అది వింటారు.

ఇక నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుందని నా అనుమానం. ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. దాంతోపాటు 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలు రోజుకు రెండు ఇస్తారు. రెండు రకాలూ ఒకే సంచిలో ఇంటికి వెళ్తాయి. ఆ తల్లి ఒకేసారి గుర్తుంటుందని రెండూ కలిపి మింగేస్తుంది. కాల్షియం పక్కన ఉంటే ఇనుము సరిగ్గా పట్టదు. సెంటర్‌లో మన కళ్లముందే మాత్ర వేయించాలన్న మంచి ఉద్దేశంతో, అన్నం అయ్యాక చేతికిచ్చిన పాల గ్లాసుతోనే వేయిస్తున్నారేమో కూడా వెళ్లి చూడు. పాలలో ఉన్నదీ కాల్షియమే. పాలు ముందో వెనకో, గంటా రెండు గంటల ఎడంలో ఇవ్వమను. మాత్ర మంచినీళ్లతో, కుదిరితే నిమ్మరసం నీళ్లతో వేసుకోవాలి. కాల్షియం మాత్ర మాత్రం అన్నంతోనే మంచిది. ఇంట్లో వేసుకునేవాళ్లకైతే పొద్దున టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం అన్నంతో ఒకటి కాల్షియం. రాత్రి భోజనమయ్యాక కాసేపాగి, పడుకునే ముందు ఐరన్. ఇలా వేసుకుంటే మాత్ర వల్ల వచ్చే వికారం కూడా నిద్రలో తెలియకుండా పోతుంది.

మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి నాలుగో రోజుకే మానేస్తారు, మాత్రలు పెట్టె అడుగున చేరతాయి. మలబద్ధకం ఉంటుందనీ చెప్పు, నీళ్లు ఎక్కువ తాగమను. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రలు అందని ఎత్తులో పెట్టమని మరీ మరీ చెప్పు. పెద్దలకు మందైన ఆ మాత్రలే గుప్పెడు మింగితే చిన్నపిల్లల ప్రాణం తీస్తాయి. ఇనుము ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకూడదు. 2006లో జాంజిబార్‌లోని పెంబా దీవి నుంచి వచ్చిన అధ్యయనంలో, మలేరియా విపరీతంగా ఉన్న చోట చిన్నపిల్లలందరికీ ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆసుపత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు పెరిగారని తేలింది. అప్పటినుంచి ప్రపంచమంతా జాగ్రత్తపడింది.

బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు తినే అమ్మాయిలు కనిపిస్తే తిట్టనివ్వకు. రక్తం తక్కువైనవాళ్లలో ఈ కోరిక ఎక్కువగా కనిపిస్తుంది, ఇనుము అందాక చాలామందిలో దానంతటదే పోతుంది. ముందు హెచ్‌బి చూపించు. చెప్పుల్లేకుండా పొలానికి వెళ్లేవాళ్లకు కొంకిపురుగు పాదాల్లోంచే ఎక్కి, పేగును పట్టుకుని రక్తం పీలుస్తుంది. పురుగుల మాత్ర వేయకుండా ఐరన్ ఎన్ని వేసినా లాభం తక్కువే. నెల రోజులు సరిగ్గా వేసుకున్నా హెచ్‌బి 1 గ్రాము కూడా పెరగకపోతే ఇక నీ దగ్గర ఆపకు, పీహెచ్‌సీకి పంపు. రక్తహీనతంతా ఇనుము లోపమే కాదు. తలసీమియా కావచ్చు, బి12 లోపం కావచ్చు. ఆ బి12 నడిమధ్య ఉండేదీ ఒక ఖనిజమే, కోబాల్ట్. ఆ విటమిన్‌ను తయారుచేసేవి బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు మాత్రమే.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా కనిపిస్తున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారని కూడా చెప్పావు. అవి బియ్యపు పిండికి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తినవి, నూటికొకటి చొప్పున కలుపుతారు. ఒక రోజు సెంటర్‌లో తల్లులందరి ముందూ ఆ గింజలే విడిగా ఉడికించి చూపించు. ప్లాస్టిక్ అయితే మెత్తబడదు కదా. నోటితో వందసార్లు చెప్పడం కన్నా అది నయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగానికి మించిన ఆడవాళ్లు మెట్లెక్కితే ఆయాసపడుతూ, అది మామూలే అనుకుంటూ బతుకుతున్నారు. నాకు కోపం వచ్చేది ఆ 'మామూలే' అన్న మాట మీద.

కాల్షియం గురించి కొంచెమే రాస్తాను, పుస్తకాల్లో నీకు దొరుకుతుంది. ఒంట్లో కిలో దాకా ఉండే కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క వంతు రక్తంలోనూ కణాల్లోనూ ఉండి గుండెనూ నరాలనూ కండరాలనూ నడిపిస్తుంది. రక్తంలో అది తగ్గితే శరీరం క్షణం ఆగదు, ఎముక నుంచి లాగేస్తుంది. మీ ఊళ్లో పాడి ఉన్నవాళ్లనడుగు, ఈనిన మర్నాడు బాగా పాలిచ్చే గేదె ఒక్కోసారి లేవలేక కూలబడుతుంది. పాల జ్వరమంటారు. పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయి, ఎముక నుంచి అంత వేగంగా రాక అలా అవుతుంది. పశువుల డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే కాసేపట్లోనే లేచి నిలబడుతుంది. ఆడవాళ్లలో ఇంత హఠాత్తుగా కనిపించదు. బిడ్డకూ పాలకూ పోయినదాన్ని తిండి పూడ్చకపోతే ఎముకే భరిస్తుంది.

వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అదే తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. నువ్వులు, కరివేపాకు, ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు ఇంకా గొప్పవి. పాలకూరలో ఉన్న కాల్షియాన్ని మాత్రం లెక్కలో వేసుకోకు, అందులోని ఆక్సలేట్ దాన్ని కట్టిపడేస్తుంది. రాగి జావ మంచిదే కానీ ఐరన్ మాత్రతో కలిపి కాదు. రాగుల్లో కాల్షియమూ ఉంది, ఫైటేటూ ఉంది, టానిన్లూ ఉన్నాయి, మూడూ ఇనుముకు అడ్డే. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన రాగిపిండి పసిపిల్లలకు ఎందుకు మేలో ఇప్పుడు నీకే అర్థమవుతుంది.

ఎముకలో కాల్షియంతో జతకట్టేది భాస్వరం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రపంచంలోని ప్రయోగశాలలు దాన్నే వాడాయి. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో భాస్వరముండే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ పట్టుకోగలిగారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. మనం చెయ్యెత్తినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఆ భాస్వరపు ముడిలోని శక్తే. 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి నాయకుడు కూడా ఆయనే. నువ్వు పంచే ఎర్ర మాత్రలో ఆయన చేతి పని ఉంది. మీ టీచర్లకు ఈ మాట చెప్పు, మాత్రను చూసే చూపు మారుతుంది.

ఇక నీ సెక్టార్ నీళ్ల సంగతి. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడవడాన్ని మన దేశంలో వైద్యులు మొదట వివరించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ పేరు ఆ తర్వాత ప్రపంచానికి తెలిసింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముక నిర్మాణంలోకే చొరబడుతుంది. ఎముక మందమవుతుంది, పెళుసవుతుంది. కీళ్ల చుట్టూ నరాల్లాంటి కట్లకు సున్నం పట్టి వెన్ను వంగదు, మెడ తిరగదు. పిల్లల పళ్లమీద గార చారలు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్ల గుర్తులు. పళ్లు చిగురు లోపల తయారయ్యేటప్పుడే అది జరిగిపోతుంది, తర్వాత ఎంత తోమినా పోదు.

ఇక్కడ నీకు తప్పకుండా తెలియాల్సిన కథ ఒకటుంది. నల్లగొండ పల్లెల్లో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని, ఎముకలు గుల్లబారుతున్నాయని పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నచోట్ల అంతటా ఇలా లేదు, మరి ఇక్కడే ఎందుకు? పేదపిల్లల తిండిలో కాల్షియం తక్కువ, ముఖ్యమైన తిండి జొన్న. మాలిబ్డినం ఎక్కువగా ఉన్న జొన్న తింటే మూత్రంలో రాగి లోహం ఎక్కువగా పోతుందని అదే సంస్థలోని దేవస్థలే, గోపాలన్ 1974లో చూపించారు. ఎముకకు పట్టునిచ్చే మాంసకృత్తుల పోగులు గట్టిపడాలంటే ఆ రాగి కావాలి. ఒక ఖనిజం నీళ్లలో ఎక్కువ, ఒకటి తిండిలో తక్కువ, ఇంకొకటి గింజలో ఎక్కువై నాలుగోదాన్ని బయటికి నెట్టేస్తోంది. ఈ నాలుగింటి మధ్య ఆ పిల్లల కాళ్లు వంకర తిరిగాయని అనుమానం. ఏ ఖనిజాన్నీ విడిగా చూడకూడదని నాకు నేర్పింది నల్లగొండే.

కాబట్టి మొదటి పని, ప్రతి సెంటర్‌లో వంటకూ తాగడానికీ ఏ నీళ్లు వాడుతున్నారో కనుక్కో. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రాని రోజు ఆయమ్మ ఏ బోరు దగ్గరికి వెళ్తోందో చూసి, ఆ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ లేబొరేటరీలో పరీక్ష చేయించు. కాచి చల్లారిస్తే పోతుందని చాలామంది నమ్మకం. క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది కూడా. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరుతోనే వెళ్లింది. ఆర్వో ప్లాంటు నీళ్లు ఫ్లోరైడ్‌ను తీసేస్తాయి, దాంతోపాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. అందుకని ఆ నీళ్లు తాగే ఇళ్లలో పాలు, రాగులు, ఆకుకూరలు ఇంకా ఎక్కువ కావాలి. పేగులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కొంత బయటికి పంపేస్తుంది. చింతపండు ఇచ్చిన బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని పోషకాహార సంస్థవాళ్లు చూశారు. అంతమాత్రాన చారు తాగితే చాలని చెప్పకు. ముందు మంచి నీళ్లు, తర్వాతే ఏదైనా.

అయోడిన్‌ది వేరే దారి. దాని కొలత ఎంత చిన్నదంటే పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. గర్భంలో ఉన్నప్పుడు అది అందని బిడ్డ మెదడుకు జరిగిన నష్టం మాత్రం తర్వాత పూడదు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో చేసిన పని మీద మన దేశపు అయోడిన్ ఉప్పు నిలబడి ఉంది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకు అయోడిన్ అందిన రెండు చోట్లా గొంతువాపు బాగా తగ్గింది, మూడోచోట తగ్గలేదు. తర్వాత వాళ్లకూ ఆ ఉప్పే ఇచ్చారు. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు నీ సెంటర్లలో చూడాల్సింది ఉప్పు డబ్బా మూత. తడి చెయ్యి పెట్టినా, మూత తీసి పొయ్యి పక్కన పెట్టినా అయోడిన్ తగ్గిపోతుంది. గల్లు ఉప్పులో, ఖరీదైన పింక్ సాల్ట్‌లో అయోడిన్ ఉంటుందని అనుకోవద్దు. అయోడిన్ కోసమని ఉప్పు ఎక్కువ వేయడమూ వద్దు. రోజుకు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మన పచ్చళ్లతో, అప్పడాలతో, మజ్జిగలో వేసుకునే ఉప్పుతో అది ఎప్పుడో దాటిపోతుంది.

జింకు గురించి రాయకుండా ముగించలేను, నీ సెంటర్ల పిల్లల ఎత్తు దానితోనూ ముడిపడి ఉంది. 1950ల చివర్లో ఇరాన్‌లోని షిరాజ్‌లో, బిహార్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరవయ్యేళ్లు దాటినా చిన్నపిల్లల్లా ఉన్న పల్లెటూరి యువకులను చూశాడు. పులియబెట్టని గోధుమ రొట్టె తప్ప దాదాపు ఇంకేమీ తినరు, మట్టి కూడా తింటారు. జింకు లోపమే కారణమై ఉంటుందని ఊహించి, ఈజిప్టులో చేసిన పరిశోధనలో దాన్ని రుజువు చేశాడు. మనిషికి జింకు తప్పనిసరి అని అప్పటిదాకా వైద్యులు ఒప్పుకోలేదు. మన వరి పొలాల్లోనూ జింకు లోపం మామూలే, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు చూసి రైతులు పట్టేస్తారు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ 2016లో జింకు ఎక్కువగా ఉండే డీఆర్‌ఆర్ ధన్ 45 రకాన్ని విడుదల చేసింది. ఇలాంటి గింజ మీ రేషన్ దుకాణం దాకా రావాలని నా కోరిక.

అందాకా నీ చేతిలో ఉన్నది విరేచనాల పిల్లలకిచ్చే జింకు మాత్ర. ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు, ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10. మూడో రోజుకు విరేచనాలు కట్టగానే తల్లులు ఆపేస్తారు. విరేచనాల్లో పోయిన జింకు మళ్లీ నిండటానికీ, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టకుండా ఉండటానికీ ఆ మిగిలిన రోజులు కావాలి. ఆశా కార్యకర్తతో చెప్పి ఏడో రోజున ఒకసారి, పన్నెండో రోజున ఒకసారి ఆ ఇంటికి వెళ్లమను.

నా దగ్గరున్న ఆహార పదార్థాల పోషక విలువల పుస్తకం, పోషకాహార సంస్థ 2017లో వేసింది, నీకు పంపుతున్నాను. 528 రకాల తిండి పదార్థాలున్నాయి అందులో. అందరూ ఇనుము, కాల్షియం పట్టికలే తిరగేస్తారు. నువ్వు ఫైటేట్లు, ఆక్సలేట్ల పట్టికలు కూడా పక్కన తెరిచి పెట్టుకుని చదువు. అట్ట చిరిగింది, లోపల పేజీలన్నీ ఉన్నాయి. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ